జగదాంబ మార్చిన ఆఖరి రీలు

ఆ ఆదివారం జగదాంబ అనుకున్నది చాలా చిన్న సంగతి. అయిదింటికి కుళాయి వస్తుంది, ఆరింటికి బిందెలు నిండుతాయి, ఏడింటికి అన్నం వార్చి, నైట్ డ్యూటీ దిగి వచ్చిన మొగుడు అసిరయ్యకి ఇంత పెట్టి పడుకోబెట్టేస్తే, తొమ్మిదింటికి కోడలు పద్మకుమారిని రిక్షా ఎక్కించుకుని తాముండే అగ్రికో నుంచి బిష్టుపూర్ సినిమాహాలుకి. పదింటి ఆట. ఒంటిగంటన్నరకల్లా ఇంటికొచ్చేయొచ్చు. ఇందులో కంగారు పడడానికి ఏముంది చెప్పండి? అయినా మహాతల్లి నాలుగింటికే లేచి కూర్చుంది. తోమిన బిందెనే మళ్ళీ తోముతుంటే కోడలు వచ్చి లాక్కుంది.

ఉక్కు కార్ఖానా ఊరు టాటాలో తెలుగు సినిమా అంటే నెలకొక్కసారి. తెలుగు సంఘం వాళ్ళు విశాఖపట్నం నుంచి రేకు డబ్బాల్లో సినిమా తెప్పిస్తే, అది టాటానగర్ స్టేషన్లో దిగి, ఆదివారం పొద్దుటాటగా పడుతుంది. తక్కిన నెలంతా బజారులో హిందీ, కార్ఖానాలో హిందీ, ఆఖరికి పిల్లల నోట్లోనూ హిందీయే. ఆ మూడు గంటలే కడుపునిండా తెలుగు. అందులోనూ ఈ నెల వచ్చింది “గాజుల మలారం”! ఆంధ్రాలో ఆడి పాతబడ్డ సినిమాయే గాని, నవలలోంచి తీసిన సినిమా. ఆ నవలంటే జగదాంబకి ప్రాణం.

చదువు రాదు కదా అంటారేమో. ఆవిడకి ఓనమాలు రావు. రెండేళ్ళ కిందట పద్మకుమారి సంఘం లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తెచ్చి, రోజూ మధ్యాహ్నం కొంచెం కొంచెం చదివి వినిపించింది. మలారం భుజాన వేసుకుని గాజులమ్ముకునే ఆయన కూతురు వైదేహి, కలవారింటి కోడలై, అత్త నోటికి జడిసి పుట్టింటికి పోయి, ఆఖరికి వానలో మొగుడి గుమ్మంలోనే ప్రాణం విడుస్తుంది. జగదాంబ విని ఊరుకుందా? కుళాయి దగ్గర వీధి ఆడవాళ్ళందరికీ చెప్పి ఏడిపించింది. పక్కింటి నూకమ్మ అయితే వైదేహి పోయిన రోజున పొయ్యి వెలిగించలేదు.

అదిగో, ఆ చావే ఇప్పుడు జగదాంబ గుండెల్లో కూర్చుంది. ఎంచేతంటే పద్మకుమారికిప్పుడు ఏడో నెల. రెండేళ్ళ కిందట ఒకటి నిలవక పోయింది. కడుపుతో ఉన్నది శవాన్ని చూడకూడదు, బొమ్మలోనైనా సరే. చూసి ఆ ఏడుపుతో కుర్చీ లోంచి లేవనే కూడదు. పోనీ వద్దందామా అంటే కడుపుతో ఉన్నదాని కోరిక తీర్చకపోతే పుట్టిన బిడ్డకి చెవులు కారతాయి. అడకత్తెరలో పోకచెక్కయింది ముసలమ్మ పని.

“ఆఖర్న ఒక్క పది నిమిషాలు ముందు లేచి వచ్చీదుమే,” అంది నెమ్మదిగా.

“నాను సూసీదే ఆఖరు కోసం అత్తా. నువ్వూ నా పక్కనే కూకుని సూడాల. కదిలితే ఒట్టు!” అంది పద్మకుమారి. ఎన్నడూ ఒట్టు పెట్టని పిల్ల.

సరే, ముల్లుని ముల్లుతోనే తియ్యాలనుకుంది జగదాంబ. హాలు చేరగానే కోడల్ని నూకమ్మ పక్కన కూర్చోబెట్టి, కొంగుచాటున పాకుండల డబ్బా పెట్టుకుని, ఇనప మెట్లెక్కి పైన మిషను గదిలోకి పోయింది. సినిమా వేసే బలరామ్ వాళ్ళమ్మకీ ఈవిడకీ కూరల సంతలో స్నేహం. అతనికి తెలుగు ముక్క రాదు. ఈవిడ హిందీ సంగతి మనం చెప్పుకోకపోవడమే మంచిది.

“బాబూ బలరామ్, వో ఆఖరీ వాలా చుట్ట హై నా, వో మత్ డాలో,” అంది.

“అరే అమ్మా, కైసే నహీ డాలేఁ? సంఘం వాలా భుజంగరావు సాబ్ డబ్బా గిన్‌కే దియా. సోలహ్ రీల్. ఏక్ భీ కమ్ హువా తో మేరీ నౌకరీ ఖతమ్.”

“తగ్గించకు బాబూ, బదలో! ఇంటర్వెల్ కే బాద్ పహలా వాలా ఆఖర్ మే డాలో. ఆఖరీ వాలా ఇంటర్వెల్ కే బాద్ డాలో. గిన్తీ పూరా, మేరా బహూ భీ బచ్చా!”

బలరామ్ ఒక పాకుండ నోట్లో వేసుకుని ఆలోచించాడు. అతని మటుకు తెలుగు సినిమా ఎటునుంచి వేసినా ఒకటే. రెండో పాకుండకి ఒప్పుకున్నాడు.

జగదాంబ ఉపాయం ఏమిటంటే, లెక్క తగ్గకుండా ఆ రెండు రీళ్ళూ తారుమారు చేయించి, ఇంటర్వెల్ కాగానే కోడల్ని బయటికి తీసుకుపోయి ఒక రీలంతసేపు ఆపడం. లోపల వైదేహి చచ్చేది చచ్చిపోతుంది, వీళ్ళు తిరిగొచ్చేసరికి మామూలు కథ నడుస్తుంది. ఆఖర్న ఏ రీలు పడితే ఏం, చావుకన్నా నయమే కదా!

అనుకున్నట్టే ఇంటర్వెల్లో కోడల్ని లాక్కుపోయింది. పల్లీలు కొంది. నిమ్మసోడా తాగించింది. గంట కొట్టారు. “నా సెప్పు తెగిపోనాదే!” అంది. తెగలేదు. తానే కాలి వేలితో పట్టి తెంపింది. ఆ తెగిన చెప్పుని పట్టుకుని కాలుగాలిన పిల్లిలా వరండా అంతా పిన్నీసు కోసం తిరిగింది. “అత్తా, మొదలైపోనాది, నాను పోతన్నా!” అంటూ పద్మకుమారి గింజుకుంటూనే ఉంది.

ఇంతలో హాలు తలుపు తెరుచుకుంది. మిల్లులో క్రేను నడిపే కూర్మారావు పెళ్ళాం పిల్లలతో సహా బయటికి వచ్చేశాడు.

“ఏటి కూర్మారావూ, వచ్చీసినావు?”

“అయిపోనాది కదా పిన్నీ! బేగి ముగించీసినారు. వైదేహికి సీమంతం సేసి, మోసేతుల దాకా గాజులు తొడిగీసినారు. శుభం పడిపోనాది.”

జగదాంబ చేతిలో చెప్పు జారిపోయింది. “సీమంతమేటిరా? సచ్చిపోలేదా?”

“సావడమేటి పిన్నీ, సక్కా నవ్వుతంటేని!”

పద్మకుమారి మొహం పాలిపోయింది. “ఆఖరు... అయిపోనాదా?” అని మాత్రం అంది. అంతలో లోపల నుంచి వైదేహి పాట వినబడింది. కూర్మారావు ఉలిక్కిపడి పిల్లల్ని లెక్కపెట్టుకోకుండా లోపలికి పరిగెత్తాడు. అతని వెనకే పద్మకుమారీ వెళ్ళిపోయింది.

జగదాంబకి అప్పుడు తట్టింది అసలు సంగతి. ఆఖరి రీలులో చావు లేనే లేదు. శుభమైన రీలుని చేతులారా ముందుకి తోసేసింది. మరి దాని బదులు ఆఖర్న పడబోయేది ఏమిటి?

ఇనప మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. “బాబూ, ఉస్ రీల్ మే క్యా హై?”

“ముఝే క్యా మాలూమ్ అమ్మా? ఆప్ జైసా బోలీ, వైసా డాల్ దియా. అభీ రీల్ చల్ రహా హై, జాఇయే!” అని తలుపేశాడు. పాకుండలు మటుకు అయిపోయాయి.

ఆ తరవాత గంటసేపు జగదాంబ సినిమా చూడలేదు. కోడలి మొహం చూసింది. కుర్చీ అంచు మీద కూర్చుని తెగిన చెప్పుని అటూ ఇటూ తిప్పింది. హాలంతా అయోమయంగా ఉంది. నిండు గాజులతో నవ్విన వైదేహి ఇప్పుడు బోసి చేతులతో, పల్చటి నడుంతో బావి దగ్గర ఏడుస్తోంది.

“ఓలమ్మా, ఇంతలో పురుడైపోనాదేటే? గుంటేడీ?” అని నూకమ్మ బిడ్డ కోసం బెంగపడింది.

ముందు వరసలో కూర్చున్న ఇంజనీరు సుందరరామయ్యగారు వెనక్కి తిరిగి, “నిశ్శబ్దంగా చూడండమ్మా. ఇది ఫ్లాష్‌బ్యాక్. నేను నవల నాలుగుసార్లు చదివాను. దర్శకుడు రచయితని మించిపోయాడు!” అన్నారు. ఆయన చెప్పాక అందరికీ అర్థమైనట్టే ఉంది. అర్థం కానివాళ్ళు బయటపడలేదు.

ఆఖరి రీలు పడింది. అత్తగారి మేడ. గుమ్మంలో జనం. మంచం మీద అత్తగారు. నవలంతా కోడల్ని రాపాడిన అత్తగారు, ముక్కులో దూది పెట్టుకుని, నుదుట రూపాయి కాసంత బొట్టుతో పడుకుని ఉంది. జగదాంబ గభాల్న కోడలి మొహం మీద కొంగు కప్పింది. పద్మకుమారి తీసేసింది. మళ్ళీ కప్పింది. మళ్ళీ తీసేసింది. ఇద్దరి పెనుగులాటలో పాడె లేచింది, డప్పులు మోగాయి, తెర తెల్లబడింది. శుభం లేదు, ఏమీ లేదు. దీపాలు వెలిగాయి.

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తరవాత ఎక్కడో ఒక కోడలు చప్పట్లు కొట్టింది. ఇంకో కోడలు అందుకుంది. చూస్తుండగా టాటాలో ఉన్న తెలుగు కోడళ్ళందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అత్తలు మాత్రం కుర్చీలకి అతుక్కుపోయారు.

సంఘం సెక్రటరీ భుజంగరావుగారికి ఒక అలవాటు ఉంది. ఆట అవగానే తలుపు దగ్గర చీటీలు పంచి ప్రేక్షకుల అభిప్రాయాలు రాయించుకుంటారు. వాటిని బట్టే వచ్చే నెల సినిమా. ఎప్పుడూ పది చీటీలు రావడమే కష్టం. ఆవేళ చీటీలు చాలక సిగరెట్ పెట్టెలు చింపి రాశారు. “ముగింపు అమోఘం”, “ఇంత సుఖాంతం ఎన్నడూ చూడలేదు” అని కోడళ్ళు. “కాపురాలు కూల్చే సినిమా, పోలీసులకి చెప్పాలి” అని అత్తలు. “కాలాన్ని వెనక్కి నడిపిన కళాఖండం” అని సుందరరామయ్యగారు రెండు వైపులా రాశారు. నూకమ్మ మటుకు “గుంట ఏటైనాడో సెప్పలేదు” అని కూర్మారావు చేత రాయించింది. ఇంత గొడవ జరిగాక భుజంగరావుగారు ఊరుకుంటారా? వచ్చే ఆదివారం మళ్ళీ అదే ఆట అని అక్కడికక్కడే చాటించేశారు.

తిరుగు రిక్షాలో పద్మకుమారి వెక్కి వెక్కి ఏడుస్తోంది. జగదాంబ దగ్గరికి జరిగింది.

“తల్లీ, ఏడవకే! తప్పు నాదే. నువ్వు సావు సూడకూడదని ఆ బలరామ్ సేత రీళ్ళు నానే మార్పించీసినాను. సివరికి సావే సూపించీసినాను. నా సేతులు ఇరిగిపోను!”

పద్మకుమారి ఏడుపు ఆపి అత్త వైపు తెల్లబోయి చూసింది. “రీళ్ళు మార్పించినావా? అయితే ఆ సీమంతం మనం సూడకుండా సేసింది నువ్వేనా?”

“నానే. నిన్ను బైట ఆపడానికే ఆ సెప్పూ తెంపుకున్నా.”

“అది సూపించడానికే నిన్ను తీసుకొచ్చినాను అత్తా!” అంది పద్మకుమారి. “వైదేహి పుస్తకంలో సావలేదు. ఆఖర్న సీమంతమే. అది సదవాల్సిన వారం... నా కడుపు పోనాది కదా. ఆ వారం ఇంకొకరి గాజులు సదవబుద్ధి కాలేదు. నా నోటికొచ్చింది సెప్పి సంపీసినాను. నువ్వు వీధంతా ఏడిపించీసినావు. నిజం ఎలా సెప్పను? ఇప్పుడు ఏడో నెల వచ్చింది గదా, ఆ గాజులు ఇద్దరం కలిసి సూద్దుమనుకున్నా.”

జగదాంబ తెగిన చెప్పుని పక్కన పడేసింది. రిక్షా సాక్చీ దాటింది. కోడలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని నిమురుతూ కూర్చుంది.

“మరి ఆ అత్త?” అంది చివరికి. “నువ్వు సదివినప్పుడు అది సావలేదు కదే. నిక్షేపంలా ఉండేది.”

పద్మకుమారి తల దించుకుంది. “మజ్జిలోనే పోతాది. నీ ఎదురుగా అత్త సావు ఎలా సదివేది? ఆ పేజీలు తిప్పీసినాను.”

మరుసటి ఆదివారం హాలు కిటకిటలాడింది. జగదాంబ ముందే పైకెక్కి, ఈసారి ఖాళీ చేతులతోనే, రీళ్ళు వరసగానే వెయ్యమని, “జైసా ఆయా వైసా డాలో బాబూ!” అని బలరామ్‌కి చెప్పి వచ్చింది. ఇంటర్వెల్ తరవాత అత్తగారు పోయే పది నిమిషాలు మటుకు కోడలు తనంతట తానే కళ్ళు మూసుకుంది. ఆఖర్న వైదేహి చేతుల నిండా గాజులు గలగలమన్నాయి. అత్తా కోడళ్ళిద్దరూ ఒకే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. శుభం పడింది.

హాలు భగ్గుమంది. “మా సినిమా కోసీసినారు!” అని కోడళ్ళు. “పోయినవారం ప్రతిలో ఉన్న కళ ఏదీ? ఎవడో చెయ్యి పెట్టి పాడు చేశాడు!” అని సుందరరామయ్యగారు. ఈ గోలలో భుజంగరావుగారు చీటీలు పట్టుకుని, తీరిగ్గా నిలబడ్డ మనిషి కోసం చూస్తే జగదాంబ ఒక్కతే కనబడింది.

“మీ అభిప్రాయం చెప్పండమ్మా, నేను రాసుకుంటాను.”

జగదాంబ కోడలి వైపు చూసింది, తెర వైపు చూసింది. “బాగానే ఉంది బాబూ,” అంది. “గాని పుస్తకమంత బాగా తియ్యలేదు.”

నవల క్షుణ్ణంగా తెలిసినవారి మాట ఇదీ అంటూ భుజంగరావుగారు మురిసిపోయి రాసుకుని సంతకానికి ఇస్తే, జగదాంబ ఆ చీటీ మీద వేలిముద్ర వేసింది.