ముత్తాత నుదుటి బొట్టు

శనివారం పొద్దున రఘు వేసుకున్న ప్లాన్ చిన్నదే. పాత కార్డుల సంగతి తనకు తెలుసని మేనేజర్ గ్రెగ్ ఇచ్చిన బేస్‌బాల్ కార్డు, గ్రేడింగుకు (నాణ్యతకు మార్కులు వేయించడానికి) పంపేముందు, ఏ స్థితిలో ఉందో చూడాలి. మధ్యాహ్నం ఆయన వస్తే భద్రంగా అప్పగించాలి. నూరేళ్ల కిందట సిగరెట్ పెట్టెలో పెట్టి అమ్మిన కార్డది. దాని మీది ఆటగాడు గ్రెగ్‌కు స్వయానా ముత్తాత. రఘు గ్రీన్‌కార్డు కాగితాలు కదలాలంటే గ్రెగ్ సంతకం పడాలి. అందుకే రఘు చేతులకు తొడుగులు వేసుకున్నాడు.

హెర్న్‌డన్ ఊళ్లో ఆ రోజు మబ్బు పట్టింది. అయినా రంగు వెలుస్తుందని రఘు బ్లైండ్స్ దించాడు. భూతద్దం పెట్టి నాలుగు మూలలూ చూశాడు. మడత లేదు, మరక లేదు. ముత్తాత కళ్లు మాత్రం తను ఎటు జరిగితే అటు జరుగుతున్నాయి.

"ఎవరు అల్లుడుగారూ ఈయన?" తెనాలి నుంచి వచ్చిన అత్తగారు జ్ఞానప్రసూన గుమ్మంలోంచి అడిగింది.

"మా మేనేజర్ ముత్తాత, అత్తయ్యగారూ."

"పోయారా?"

"ఎప్పుడో."

"పాపం. ఏమిష్టమో ఆయనకి?"

ఫోన్ మోగింది. "ఏముంది, పొగాకే! సిగరెట్ పెట్టెలోంచేగా వచ్చాడు" అని నవ్వుతూ రఘు పక్కగదిలోకి వెళ్లాడు. ఆఫీసు కాల్ మధ్యాహ్నం దాకా సాగింది.

తిరిగొచ్చేసరికి గది నిండా పొగ. చీకట్లో ఒక్కటే ఎర్రటి నిప్పు. దాని వెనక చెంబుకు ఆనుకుని ముత్తాత. నుదుట తడి గంధం, దాని మీద కుంకుమ. ఎదురుగా అరటిపండు, అందులో అగరువత్తిలా గుచ్చిన సిగరెట్.

"ఏం చేశారండీ ఇది!"

"పోయినాయన పటం బోసిగా ఉంచుతారా ఎవరైనా? సిగరెట్టు పక్కింటి దొరని సైగ చేసి అడిగి తెచ్చా. చూడండి, ఎలా లాగేస్తున్నాడో!"

రఘు టిష్యూతో అద్దాడు. కుంకుమ ముక్కు మీదుగా గడ్డం దాకా జారింది. మళ్లీ అద్దాడు. ముత్తాత చొక్కా కూడా ఎర్రబడింది. అంతలో స్మోక్ అలారం గొల్లుమంది.

"ఆయనకి కోపమొచ్చింది" అంటూ అత్తగారు దణ్ణం పెట్టింది.

ఆ గోల విని తలుపు తోసుకుని వచ్చినవాడు గ్రెగ్. కార్డును చూశాడు. మెల్లగా టోపీ తీశాడు.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఏమిటి?"

"ఆయన ఆడుతూనే పోయాడు. బంతి తగిలి. సరిగ్గా అక్కడే, నుదుట. ఎక్కడ తగిలిందో మా ఇంట్లోవాళ్లకి తప్ప తెలీదు."

అలారం దానంతటదే ఆగింది. జ్ఞానప్రసూన ఏమిటేమిటని అడిగితే తెలుగులో చెప్పాడు.

"ఇన్నేళ్లూ ఎవరూ ఏమీ పెట్టలేదా? అందుకే అలా చూస్తున్నాడు. తిథి కనుక్కోండి."

తిథి అంటే ఏమిటో రఘు ఇంగ్లీషులో విడమరిచాడు. గ్రెగ్ శ్రద్ధగా విన్నాడు. కార్డును తుడవొద్దన్నాడు, గ్రేడింగూ వద్దన్నాడు. సోమవారం సంతకం పెట్టాడు.

ఆగస్టులో గ్రెగ్ పెట్టిన ముత్తాత తద్దినానికి భోక్తగా కూర్చున్నది రఘు. ఆ పని మాత్రం గ్రీన్‌కార్డు కాగితాల్లో ఉద్యోగ బాధ్యతల కింద చూపించలేదు.