రాని సీటుకు బ్యానర్

ఆ ఉదయం ప్రేమ వేసుకున్న పథకం చిన్నదే. లాస్‌పేటలో తాను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలుకు వెళ్లి, యజమాని గుణశేఖరన్ దగ్గర 'ఈమె మా దగ్గర పనిచేస్తోంది' అని సర్టిఫికెట్ తీసుకోవాలి. మధ్యాహ్నం ఎం.ఎడ్. ఇంటర్వ్యూకు వెళ్లాలి. పనిలో ఉన్న టీచర్లకే ఇచ్చే సీటు అది. దొరికితే రేపు తానే టీచర్లకు పాఠాలు చెప్పవచ్చు. గుణశేఖరన్ ముందు చేతులు కట్టుకుని నిలబడే బతుకు తప్పుతుంది.

సీటు వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదనుకుంది. మొగుడికి మాత్రం చెప్పింది. ఆయన అన్నకు చెప్పాడు. ఆ అన్న దామోదరానికి బజారులో స్టీలు సామాన్ల కొట్టుంది. ఇంట్లో ఎవరికి చెవులు కుట్టినా వీధిలో ఫ్లెక్స్ బ్యానర్ కట్టించకపోతే ఆయనకు అన్నం సయించదు.

బస్సు అరియాంకుప్పం దాటుతుండగా కనిపించింది బ్యానరు. ఎం.ఎడ్. సీటు సాధించిన మా ఇంటి కోడలికి అభినందనలట. పెళ్లినాటి ఫోటోలో ప్రేమ, పక్కన ఆమెకు రెండింతలుగా నల్లకళ్లద్దాల దామోదరం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ప్రేమ ఫోన్ చేసి దించేయమంది.

"పిలిచినారంటే ఇచ్చినట్టే గదా మా. వచ్చినాక కడితే అందరి మాదిరే గదా," అన్నాడాయన.

గుణశేఖరన్ పొద్దున్నే ఆ దారిన వస్తూ బ్యానరు చూశాడు. స్టాఫ్ రూములో శాలువా, లడ్డూలు సిద్ధం. ప్రేమ కుర్చీలో, తక్కువ జీతానికి ఒప్పుకున్న మలర్ అనే కొత్త టీచరు. సీటు రాలేదని ప్రేమ ఎంత మొత్తుకున్నా, ఎంత అణకువో అని చప్పట్లు కొట్టారు. సర్టిఫికెట్ అడిగితే, పని నుంచి పంపేసిన ఉత్తర్వు చేతిలో పెట్టారు.

"సార్, నేను పని మానలా."

"శాలువా కప్పినాక వెనక్కి తీసుకునేది మర్యాద కాదమ్మా."

ఇంటర్వ్యూలో ఆమె జవాబులకు అందరూ ముచ్చటపడ్డారు. చివర్లో ప్రస్తుతం ఎక్కడ పనిచేస్తున్నారని అడిగారు. ఆ తర్వాత విచారం వెలిబుచ్చారు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. ఇంటికొచ్చేసరికి ఏడుపు కంటే కోపమే ఎక్కువైంది. దామోదరం గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"మీ ఫోటో కోసరం నా బతుకు తీసినారు బావా."

అంతలో మలర్ ఫోన్ చేసింది.

"అక్కా, పనిలో ఉండే టీచర్లకి ఎం.ఎడ్. సీటొకటి ఇంకా ఖాళీగా ఉండాదంట. ఎట్ట అప్లై చేసేది?"

ప్రేమ దామోదరం వైపు చూసింది.

"ముందు నీకు బావలెంతమందో చెప్పు."