రేటు సున్నా, వంతెన ఫుల్లు!

శిశు మరణాలు తగ్గాలంటే డాక్టర్లు కావాలని ఎవరో పుకారు పుట్టించారు. నమ్మకండి! ఒక అంబులెన్సు, ట్యాంకు నిండా డీజిలు, ఊరి చివర ఓ వంతెన ఉంటే చాలు.

వెయ్యిమంది పసివాళ్లు పుడితే ఏడాది నిండకుండా ఎందరు పోతున్నారన్నదే జనం ఆరోగ్యానికి థర్మామీటరట. జ్వరం తగ్గించడం కష్టం గానీ, థర్మామీటరును పక్కింటివాడి నోట్లో పెట్టడం ఎంతసేపండీ? మా ఆసుపత్రి సూపరింటెండెంటు గారు ఆ పనే చేశారు. బిడ్డ నీలంగా మారగానే మెరుగైన వైద్యమంటూ వంతెన అవతలి ఆసుపత్రికి పంపేస్తారు. అక్కడ పోతే ఆ లెక్క వాళ్లది. మా రేటు సున్నా! గేటు మీద బోర్డు కూడా పెట్టారు.

అవతలివాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? వాళ్ల పిల్లల్ని మాకు పంపడం మొదలెట్టారు. వాళ్ల రేటూ సున్నాయే! మరి పిల్లలు ఎక్కడ పోతున్నారంటారా? వంతెన మీద. దానికి రేటు కట్టే ఆఫీసు లేదు.

మొన్న మా చెల్లెలి మనవరాలి వంతు వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, ఒళ్లు చల్లబడిపోతోంది. పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె మా ఆసుపత్రిలో లేకపోలేదు. అందులో ఎవరైనా పోతే బోర్డు మార్చాలి కదా, అందుకని వాడరు. ఎంత తళతళలాడుతుందో!

కూతురు వార్డులో కదల్లేక పడుంటే, చెల్లెలే పిల్లనెత్తుకుని అంబులెన్సు ఎక్కింది. నేనూ వెంట వెళ్లాను. వంతెన మధ్యలో అవతలి ఊరి అంబులెన్సు ఎదురొచ్చింది.

"ముందు మా పిల్లని తీస్కోండి."

"అయ్యో, ముందు మీరే!"

డ్రైవర్లిద్దరూ ఎంత మర్యాదస్తులో!

మా చెల్లెలికి మర్యాద తక్కువ. పిల్లను తన బట్టల లోపల ఒంటికి అదుముకుని, "బండి వెనక్కి తిప్పుతావా, నన్ను తిప్పమంటావా?" అని డ్రైవరు మీద విరుచుకుపడింది. అతను తిప్పాడు. దారిలో పిల్ల ఒళ్లు వెచ్చబడింది, కేర్‌మంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

పిల్ల బతికిందని తెలియగానే రెండు ఊళ్ల సూపరింటెండెంట్లూ పూలగుత్తులతో, ఫొటోగ్రాఫర్లతో దిగారు.

"మా దగ్గర పుట్టింది, మా పిల్లే!"

"మా వైపు వంతెన మీద ఊపిరి పోసుకుంది, మా పిల్ల!"

"సరే బాబూ, చెరిసగం పంచుకోండి" అంది చెల్లెలు. "మాకు ఎదురొచ్చిన బండిలో ఇంకో పిల్ల ఉంది. అదేమైంది?"

ఇద్దరూ ఒక్క గొంతుతో, "మాది కాదమ్మా" అన్నారు.

రెండు ఆసుపత్రులూ ఏకమైన శుభ సమయం, చప్పట్లు కొట్టాలి కదా! ఎందుకో నాకు చేతులాడలేదు.