బాలమల్లు స్వామి, పావుకిలో గుండెకాయలు

ఆ రోజు పొద్దున బాలమల్లు స్వామి పెట్టుకున్న పనులు మూడే. చన్నీళ్ల స్నానం చేయడం, భిక్షకు వచ్చే ముప్పై మంది స్వాములకు చాపలు పరవడం, సాయంత్రం కొండగట్టు యాత్ర జెండా అందుకోవడం. నాలుగో పని పిల్లి పెట్టింది.

నలభై ఏళ్లు మరమగ్గం నడిపిన మనిషి బాలమల్లు. హనుమాన్ మాల వేయడం ఇది పదకొండోసారి. పదేళ్లూ యాత్రలో అందరికన్నా వెనుక, ముందువాళ్ల మడమలు చూస్తూ నడిచాడు. ఈసారి యాత్ర కమిటీ దయతలచి, జెండా నువ్వే పట్టాలంది. ఆరేళ్లుగా ఆ జెండా మీద కన్నేసిన నూలు దుకాణం ఓంప్రకాశ్ స్వామికి మాత్రం ఆ మాట గొంతు దిగలేదు.

మాల వేసినవాడు కోపానికి రాకూడదు, అబద్ధమాడకూడదు. బాలమల్లుకు మొదటిది తేలిక. రెండోదే నలభై ఒక్క రోజుల నరకం. కరెంటు పోయినా అలవాటు కొద్దీ తన మగ్గం గంటసేపు ఆడిందని చెప్పుకున్న మనిషి మరి!

పిల్లి పేరు పులి. నిరుటిదాకా అది పాలన్నం తిని పోగులా ఉండేది. మగ్గం మీద నడిస్తే, తెగిన దారమనుకుని ముడి వేయబోయేవారు. పశువైద్యం చదివే మనవరాలు కావ్య చూసి, "తాతా, గిది పిల్లిగాదు, అస్థిపంజరం. దీనికి అన్నం గాదు, పచ్చిమాంసం పెట్టాలె" అంది. అప్పటినుంచి రోజూ కోడి గుండెకాయలు, వారానికి రెండుసార్లు కార్జం, నడుమ మెడ బొక్కలు. అన్నీ పచ్చివే. ఆరు నెలల్లో దాని ఒళ్లు ఎంత నిగనిగలాడిందంటే, అందులో చూసుకుని భార్య నర్మద బొట్టు పెట్టుకుంటోందని బాలమల్లు చెప్పాడు. నాలుగు వాడల ఎలుకలు మూటాముల్లె సర్దుకుని జమ్మికుంట పత్తి మార్కెట్‌కు వలసపోయాయనీ చెప్పాడు. ఊరు నవ్వి, పిల్లి పచ్చిమాంసం తింటుందన్న ఒక్క నిజాన్నీ ఆ కోతల్లోనే కలిపేసింది.

మాల వేసిన నాటినుంచి మాంసం కొనడం, పెరట్లో పెట్టడం అంతా కావ్యదే. నిన్న ఆమె పరీక్షకని వెళ్లింది. ఇవాళ పులి గడపలో కూర్చుని ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది.

"జర పెరుగన్నం పెడుత, తింటది," అంది నర్మద.

"పులికి పెరుగన్నమా! ఇజ్జత్ ఉంటదా మాతా?" దీక్షలో ఉన్నన్నాళ్లు ఆయనకు భార్య కూడా మాతే. "నేనే పోయి తెస్త."

"ఏం స్వామీ, మతి ఉన్నదా? మాల మెడలేసుకొని కోడి దుకాణంకు పోతవా?"

"నేను ముట్టనే ముట్ట. కట్టెకు తగిలిచ్చుకొని వస్త."

ఇంట్లో దొరికిన పొడవాటి కట్టె బూజుకర్ర ఒక్కటే. కాషాయం పంచె, మెడలో మాల, చేతిలో బూజుకర్రతో వెళ్లి, మల్లన్న చికెన్ సెంటర్‌కు రోడ్డు ఇవతలే నిలబడి కేకేశాడు.

"మల్లన్నా! పావుకిలో గుండెకాయలు. ముక్కలు చెయ్యకు, కడుగకు. పచ్చియే కావాలె!"

దుకాణం ముందున్న వాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. మల్లన్న నల్ల కవర్లో వేసి కర్ర కొసకు కట్టాడు. బాలమల్లు దాన్ని నిట్టనిలువునా ఎత్తి పట్టుకుని నడిచాడు. మలుపులో కరివేపాకు అమ్ముకునే ఐలవ్వ కళ్లు చికిలించి చూసింది.

"ఏం స్వామీ, నల్లజెండ పట్టినవ్? ఎవల మీద లొల్లి?"

"జెండ గాదు మాతా, కోడి గుండెలు."

"ఎవలకు?"

"మా పులికి. పచ్చియే తింటది."

ఐలవ్వ పగలబడి నవ్వింది. తరువాత ఆలోచించింది. మాలలో ఉన్నవాడు అబద్ధమాడడు కాబట్టి గుండెలు నిజమే. పిల్లి సంగతి మాత్రం బాలమల్లు ఎప్పుడూ చెప్పేదే. మరి ఆ గుండెలు ఎవరు తింటున్నట్టు?

ఇంకెవరూ చూడకుండా బాలమల్లు కర్రను భుజాన వేసుకున్నాడు. కవరు వెనుక మోకాళ్ల దాకా వేలాడింది. ముట్టడమే తప్పయినప్పుడు చూడడం మాత్రం ఎందుకని వెనక్కి తిరగలేదు. నడిచేకొద్దీ బరువు తగ్గుతున్నట్టనిపించింది. ఆంజనేయుడి దయ అనుకున్నాడు.

ఆయన కాళ్లకన్నా ఐలవ్వ మాట ముందు నడిచింది. స్వామి మాంసం కొన్నాడన్నది ఒక వాడ దాటేసరికి తిన్నాడయింది. రెండో వాడలో పచ్చివే తిన్నాడయింది. ఓంప్రకాశ్ దుకాణానికి చేరేసరికి, కమిటీ మీద నల్లజెండా ఎత్తి, పచ్చి గుండెలు నములుతూ బజారంతా తిరుగుతున్నాడయింది.

బాలమల్లు ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు ఓంప్రకాశ్ కొత్త కాషాయం శాలువాతో నిలబడి ఉన్నాడు. వెనుక ముప్పై మంది స్వాములు.

"కవర్ల ఏమున్నది స్వామీ?"

"కోడి గుండెలు స్వామీ. మా పులికి."

"విప్పు స్వామీ."

నర్మద విప్పింది. కవరు అడుగున పిడికిలంత చిరుగు. లోపల ఒక్క గుండె లేదు.

"ఏడికి పోయినయి స్వామీ?" అంటూ ఓంప్రకాశ్ చూపు తిన్నగా బాలమల్లు నోటి మీదికి వచ్చింది. ముప్పై జతల కళ్లూ అక్కడికే వచ్చాయి. బాలమల్లు తడబడి మూతి తుడుచుకున్నాడు. అది ఇంకా తప్పయింది.

మల్లన్నను పిలిపించారు. ఆయన సాయం చేద్దామనే అన్నాడు: "నేనే తూకమేసిన. స్వామి ముట్టలే, సూడలే. గీ నెల్లాళ్లసంది వాళ్ల మనుమరాలు రోజూ కొనుకపోతది, ఒక్కరోజు తప్పలే."

"నెల్లాళ్లసంది!" గుంపంతా ముక్కు మీద వేలేసుకుంది.

"అబద్ధమాడకు స్వామీ!" అన్నాడు ఓంప్రకాశ్.

"కోపానికి రాకు స్వామీ!" అన్నాడు బాలమల్లు.

"నాకు కోపం లేదు స్వామీ, నీకు సిగ్గు లేదు! జెండ నీ చేతికెట్ల ఇయ్యాలె?"

బాలమల్లు గుండె జారింది. కళ్ల ముందు మళ్లీ మడమలు కనిపించాయి. నర్మద చెవిలో గుసగుసలాడింది: "ఐలవ్వ తెమ్మన్నదని చెప్పు. లొల్లి ఒడుస్తది."

ఒక్క అబద్ధం. ఆయనకు అదెంత పని! కానీ ఆయన మెడ నిటారుగా లేచింది. "జెండ పోతే పోనీ. నా పులి గుండెలు తినదంటే మాత్రం ఒప్పుకోను. పరీక్ష పెట్టుండ్రి!"

మల్లన్న నాలుగు గుండెకాయలు ఆకులో తెచ్చి వాకిట్లో పెట్టాడు. సరిగ్గా అప్పుడే పులి గోడ దిగి, నిండు గర్భిణిలా మెల్లగా నడిచి వచ్చింది. పులి ఆకును వాసన చూసింది. ఆవులించింది. ముఖం తిప్పుకుంది.

"పులీ... బిడ్డా..." బతిమాలాడు బాలమల్లు.

ఓంప్రకాశ్ ముఖం వెలిగింది. చాప మీద బాసింపట్టు వేసుకుని, పిల్లిని ఎత్తి ఒళ్లో కొత్త శాలువా మీద కూర్చోబెట్టుకున్నాడు. "సూసిండ్రా స్వాములూ! ఎంత సాత్వికమో! గిది నీసు ముట్టేదేనా? గిది పెరుగన్నం పిల్లి!" అంటూ మాటమాటకూ దాని పొట్ట మీద తట్టాడు.

నాలుగో తట్టుకు పులి నోరు తెరిచింది.

లోపలికి ఎట్లా పోయాయో అట్లాగే బయటికి వచ్చాయి. ఒకటి, రెండు, ఏడు, తొమ్మిది. ఆఖరున నల్ల కవరు పీలిక ఒకటి.

మల్లన్న వంగి, నిపుణుడిలా పరిశీలించాడు. "నావే! నేను కోసిన కోత నాకెరుక లేదా? గీ కవరు సుత నాదే!"

ఇంటిదాకా వెనుక ఎవరు నడిచి వచ్చారో, బరువు ఎవరి దయవల్ల తగ్గిందో అప్పుడు తెలిసింది బాలమల్లుకు. ఆయన ఛాతీ మగ్గమంత అయింది.

"పచ్చివే! ఒక్కటి నమలలే! సూసిండ్రా, పులంటే గిట్లుండాలె!"

స్వాములు నవ్వలేక, ఆపుకోలేక చాపల మీద దొర్లారు. ఓంప్రకాశ్ కోపానికి రాకూడదు కనుక కళ్లు మూసుకుని, పళ్లు కొరుకుతూ రామనామం జపించాడు. ఆ రోజంత నిష్ఠగా ఆయన ఎన్నడూ జపించలేదని కమిటీ అంతా ఒప్పుకుంది. జెండా బాలమల్లు చేతికే వచ్చింది.

సాయంత్రం ఫోన్లో కావ్య అరిచింది. "గంత ఒక్కసారే తింటే కక్కదా తాతా? పూటకు యాభై గ్రాములే పెట్టాలె!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. పరీక్షల నువ్వు పాసయినవో లేదోగని, మన పులి పాసయింది."

మరునాడు తెల్లవారక ముందే యాత్ర కదిలింది. ముందు జెండా పట్టుకుని బాలమల్లు. ఆయన ముందు మడమలేవీ లేవు, తారురోడ్డు తప్ప. చివరన ఓంప్రకాశ్ స్వామి, మూడుసార్లు సబ్బుపెట్టి ఉతికినా వాసన పోని శాలువాతో. ఆ వాసనకు దారిలోని పిల్లులన్నీ ఆయన్ను నాయకుడిగా ఎన్నుకుని, ఊరి పొలిమేర దాకా వెంట నడిచాయి.

కొండగట్టులో మాల తీసిన గంటకు బాలమల్లు మాటల్లో పావుకిలో రెండు కిలోలైంది. తిరుగు బస్సెక్కేసరికి పులి కోడిని కోడిగానే మింగింది. ఓంప్రకాశ్ వెనుక నడిచిన పిల్లులు పదకొండన్న మాట మాత్రం బాలమల్లు మాల తీయకముందే చెప్పాడు కనుక నమ్మక తప్పదు.