తువ్వాలు కింద చెయ్యి

ఆ శనివారం పొద్దున్న లోకనాథ్ ఇంట్లో అనుకున్న పని చాలా చిన్నది. సంతకి వెళ్లాలి, అత్తగారు అచ్చాయమ్మకి పాలిచ్చే గేదెని కొనాలి, భోజనాల వేళకి తిరిగొచ్చెయ్యాలి. కొనేది బామ్మర్ది సురేంద్ర. వెంట వెళ్లి నోరు మూసుకుని కూర్చునేది లోకనాథ్. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆ రెండో పనిలో అతనికి మంచి అనుభవమే వచ్చింది.

సామర్లకోటలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా చిన్న కొట్లో కూర్చుని అతను దస్తావేజులు టైపు కొడతాడు. ఇరవై రెండేళ్ల నుంచి అదే పని. మొదట టైపు మిషను, తర్వాత కంప్యూటరు. ఊళ్లో సగం పొలాలు అతని వేళ్ల మీదుగానే చేతులు మారాయి. అతని పేరున మాత్రం సెంటు భూమి లేదు. రెండు నెలలుగా కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు చీమలు పాకినట్టు తిమ్మిరెక్కుతున్నాయి. మణికట్టులోంచి మోచేతి దాకా జివ్వుమని లాగుతోంది. ఒకరోజు కాఫీ గ్లాసు జారి అత్తగారి కాళ్ల మీద పడింది. అప్పుడుగానీ ఇంట్లోవాళ్లకి అది జబ్బని తోచలేదు.

కాకినాడ డాక్టరు చూసి మణికట్టులో నరం నలుగుతోందన్నాడు. మూడు వారాలు కీబోర్డు ముట్టుకోవద్దన్నాడు. కుర్చీ ఎత్తు పెంచుకోమన్నాడు, మణికట్టుని బల్ల అంచుకి ఆనించొద్దన్నాడు, చేతికొక పట్టీ ఇచ్చాడు. గంటకోసారి ఐదు వేళ్లూ బారజాపి, పిడికిలి బిగించి, ఐదు లెక్కపెట్టి వదలాలన్నాడు. నొప్పి పుట్టిన వేలిని బలవంతపెట్టకుండా వెనక్కి లాక్కోమన్నాడు. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి ఆయనకి ఇరవయ్యేళ్ల చదువు కావలసొచ్చింది. చెప్పించుకోవడానికి ఇతనికి ఇరవయ్యేళ్ల టైపు కావలసొచ్చింది.

మూడు వారాలూ సోమవారంతో అయిపోతాయి. ఈలోగా సురేంద్ర అక్క దగ్గర చేరి తన ఆలోచన చెప్పాడు. తాళ్లరేవు దగ్గర అతనికి రొయ్యల చెరువులున్నాయి.

"చెయ్యి పడిపోయిన మనిషి ఇంకేం టైపు కొడతాడక్కా? చెరువు గట్టు మీద పాకుంది. కాపలాకి పెట్టేద్దాం. బావగారికి కూర్చోడం బాగా వచ్చు కదా!"

లోకనాథ్ భార్య పావని కాదనలేదు. "సోమవారం దాకా చూద్దాంరా" అంది. బామ్మర్ది పాకలో కూర్చుని, బామ్మర్ది రొయ్యలకి కాపలా కాస్తూ, బామ్మర్ది పంపిన క్యారేజీ తినడం కంటే ఆ చెరువులోనే దూకడం మర్యాద అనిపించింది లోకనాథ్‌కి. ఎలాగైనా సోమవారానికల్లా చెయ్యి దారికి రావాలి.

అందుకే సంతకి బయల్దేరాడు. అక్కడికి పాపాయి అనే ఆయన వస్తాడనీ, మనుషుల నరాలూ పశువుల నరాలూ ఒక్క చేత్తోనే సరిచేస్తాడనీ సురేంద్రే చెప్పాడు.

"కబురు పెట్టానండి బావగారూ. మీరా నీళ్లతొట్టి గట్టు మీద కూర్చోండి. పట్టీ తీసేసి చేతి మీద తువ్వాలు కప్పుకోండి. ఆయన తువ్వాలు కిందే నరం పడతాడు, విద్య పదిమంది కళ్లలో పడకూడదంట. పడుతున్నంతసేపూ మీరు నోరిప్పకూడదండోయ్. మీకు కష్టమేం కాదు లెండి."

సంతలో దిగగానే అలా చెప్పి సురేంద్ర గేదెల మధ్యకి వెళ్లిపోయాడు.

లోకనాథ్‌కి తెలిసిన సంత కూరగాయల సంత ఒక్కటే. పశువుల సంతలో ధర నోటితో చెప్పరని అతనికి తెలియదు. బ్రోకరు వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెట్టి వేళ్లు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర, వేలికి పదివేలు. ఒప్పుకోనివాడు వేలు లాక్కుంటాడు, ఎక్కువ కావాలన్నవాడు వేళ్లు చాపుతాడు, సరేనన్నవాడు పిడికిలి బిగిస్తాడు. పక్కవాడికి ఈగ వాలినంత చప్పుడు కూడా వినపడదు. కాగితం ముక్క లేకుండా ఆస్తి చేతులు మారే చోటు ఒకటుందని, ఇరవై రెండేళ్లు క్రయపత్రాలు కొట్టినవాడికి ఒక్కరూ చెప్పలేదు.

తెల్లచొక్కా వేసుకుని, చేతి మీద తువ్వాలు కప్పుకుని, పెదవి విప్పకుండా కూర్చున్న మనిషిని బ్రోకరు చంద్రరావు దూరం నుంచే చూశాడు. ఆరితేరిన కొనుగోలుదారు అనుకున్నాడు. సత్తియ్య అనే రైతు గేదెని అమ్మిపెట్టమని పొద్దుటి నుంచీ చంద్రరావు ప్రాణం తీస్తున్నాడు. చంద్రరావు దాన్ని తోలుకొచ్చి లోకనాథ్ ముందు నిలబెట్టి, పక్కన చతికిలబడి, తువ్వాలు కిందికి చెయ్యి దూర్చాడు.

"కానిద్దామాండి?"

పాపాయి గారొచ్చేశారనుకుని లోకనాథ్ కళ్లు మూసుకుని తలూపాడు.

చంద్రరావు నాలుగు వేళ్లు కలిపి పట్టుకున్నాడు. చూపుడువేలు జివ్వుమంది. లోకనాథ్ దాన్ని లాక్కున్నాడు. మూడు మిగిలాయి. చంద్రరావు వెనక్కి తిరిగి సత్తియ్యకి కన్ను గీటాడు. సత్తియ్య నిట్టూర్చి సరేనన్నట్టు తలాడించాడు. చంద్రరావు ఆ మూడు వేళ్లనే గట్టిగా నొక్కాడు. గంట దాటిందని గుర్తొచ్చి లోకనాథ్ డాక్టరు చెప్పినట్టే పిడికిలి బిగించి ఐదు లెక్కపెట్టి వదిలాడు.

"పనయిపోయిందండి. డబ్బు సంగతి సంత ఎత్తేటప్పుడు చూద్దురుగానీ. ఇది పట్టుకుని కూర్చోండి" అని చంద్రరావు గేదె పలుపు అతని ఎడమచేతిలో పెట్టాడు.

ఇదేంటన్నట్టు లోకనాథ్ కనుబొమ్మలెగరేశాడు.

"లక్ష్మీదేవండి! పట్టుకుంటే మంచిదేగానీ చెడేముంటుందండి?"

వైద్యంలో ఇదొక భాగం కాబోలు, నరంలో వేడి గేదెలోకి దిగుతుంది కాబోలు అనుకున్నాడు లోకనాథ్. నిజానికి చెయ్యి కాస్త తేలికపడింది కూడా. మూడు వారాల్లో ఆ చేతిని ప్రేమగా పట్టుకున్న మనిషి చంద్రరావు ఒక్కడే.

సురేంద్ర సంతంతా రెండు చుట్లు తిరిగాడు. ఏ గేదే అతని కంటికి ఆనలేదు. చివరికి నీళ్లతొట్టి వైపు చూసేసరికి కొమ్ములు మెలితిరిగి, పొదుగు నిండుగా ఉన్న గేదె కనిపించింది. దాని అవతల కూర్చున్న మనిషి మాత్రం కనిపించలేదు. అది అలాంటి గేదె. ఆశ బయటపడితే ధర పెరుగుతుందని తెలిసినవాడు కాబట్టి సురేంద్ర దగ్గరికి వెళ్లలేదు. చంద్రరావుని చాటుకి పిలిచాడు.

"ఆసామి ఎలాంటోడండి?"

"మహా ఘటికుడండి బాబూ. మూతి కదపడు. ఇందాకే నా చేతుల మీదుగా కొన్నాడు."

"పల్లెటూరోడా?"

"తెల్లచొక్కా అండి."

"అయితే మెత్తనోడే! మూడున్నర దగ్గర మొదలెట్టండి. చదువుకున్నోళ్లకి బేరం రాదు."

చంద్రరావు మళ్లీ వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. రెండో విడత వైద్యానికి లోకనాథ్ ఆనందంగా ఐదు వేళ్లూ బారజాపాడు. చంద్రరావు ఉలిక్కిపడి సురేంద్ర దగ్గరికి పరిగెత్తాడు.

"ఐదంటున్నాడండి!"

"ఐదా! వాడి మొహం. నాలుగనండి."

చంద్రరావు వచ్చాడు. నాలుగు పట్టుకున్నాడు. లోకనాథ్ మొహమాటపడకుండా ఐదోది కూడా అతని చేతిలో పెట్టాడు. వైద్యుడు ఒక వేలు మర్చిపోతే గుర్తుచెయ్యాలి కదా.

"ఏమంటాడండి?" అన్నాడు సురేంద్ర చెమట తుడుచుకుంటూ.

"ఏమీ అనడండి, అదే నా బాధ. మీకు చేతకాకపోతే చెప్పండి, కరప నుంచి ఇంకో పార్టీ కాచుక్కూచుంది."

కరపా లేదు, పార్టీ లేదు. చేతకాకపోతే అనే మాట మాత్రం సురేంద్రకి సూదిలా దిగింది. లెక్కపెట్టి ఐదు వేళ్ల డబ్బూ చంద్రరావు చేతిలో పోశాడు. చంద్రరావు వెళ్లి లోకనాథ్ ఐదు వేళ్లూ నొక్కాడు. లోకనాథ్ హాయిగా పిడికిలి బిగించాడు.

సురేంద్ర మీసం సర్దుకుని, పలుపు అందుకోవడానికి గేదెని చుట్టి ఇవతలికొచ్చాడు.

"బావా!"

నోరిప్పకూడదు కాబట్టి లోకనాథ్ చిన్నగా నవ్వాడు.

"మీరేంటండీ ఇక్కడ? ఆసామి ఏడండి?"

"ఆయ్, ఈయనేనండి" అన్నాడు చంద్రరావు. ఈలోగా సత్తియ్య డబ్బుకోసం వచ్చాడు. చంద్రరావు అతని మూడు వేళ్ల డబ్బు అతనికిచ్చేశాడు, రెండు వైపులా తన వాటా తను తీసుకున్నాడు, మిగిలింది లోకనాథ్ తువ్వాల్లో పెట్టాడు.

"అది నా డబ్బండి!" అని సురేంద్ర గంతేశాడు. చుట్టూ జనం మూగారు.

"ఇందాకటి దాకా మీదేనండి" అన్నాడు చంద్రరావు. "తువ్వాలు కింద మాట వెనక్కి పోదు. పోయిందంటే రేపట్నించి ఈ సంతలో మీకు కోడిపెట్టని కూడా ఎవరూ అమ్మరు."

లోకనాథ్‌కి అప్పుడు తత్వం బోధపడింది. "మరి పాపాయి గారేరండి?" అన్నాడు నెమ్మదిగా. అదే ఆ పూట అతని మొదటి మాట.

"రెండు వారాలుగా రావట్లేదండి. ఆయన చెయ్యి బెణికిందంట" అన్నాడు చంద్రరావు.

జనం పగలబడి నవ్వారు. సురేంద్ర మొహం వంకాయ రంగుకి తిరిగింది. లోకనాథ్ లేచి, నోట్లు జేబులో పెట్టుకుని, బామ్మర్దిని పక్కకి తీసుకెళ్లాడు.

"ఇంటికెళ్లాక అమ్మకి ఎంతని చెబుతావురా?"

"మూడు వేళ్లకే కొట్టుకొచ్చానని చెబుతానండి. మీరేం అనకండి బావగారూ, మీ కాళ్లట్టుకుంటా."

"చెరువు పాక సంగతి?"

సురేంద్ర గేదె వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "రొయ్యలకి కాపలా ఎందుకండీ? అవెక్కడికి పోతాయి?" అన్నాడు.

సోమవారం లోకనాథ్ కొట్టు తెరిచాడు. సంత డబ్బుతో ఎత్తు సరిపోయే కుర్చీ కొన్నాడు. కీబోర్డుకి కింద వేరే పలక బిగించాడు. చేతికి పట్టీ కట్టుకుని, పేజీకోసారి ఆగి వేళ్లు చాపుకుంటూ కొడుతున్నాడు. తిమ్మిరి పూర్తిగా పోలేదు, కానీ దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడట్లేదు. వీధిలో ఎంత అన్యాయం జరిగినా జనం తట్టుకుంటారుగానీ, నంబరు తప్పు పడితే తట్టుకోలేరు.

అసలు తంటా సురేంద్రకి వచ్చింది. మూడు వేళ్లకి అంత గేదెని తెచ్చాడని అచ్చాయమ్మ వీధంతా టాంటాం వేసింది. మాకూ అదే ధరకి ఒకటి తెచ్చిపెట్టమని పదకొండు ఇళ్లవాళ్లు తాళ్లతో సహా అతని గుమ్మంలో కూర్చున్నారు. కాదంటే అబద్ధం బయటపడుతుంది, సరేనంటే కొంప మునుగుతుంది. బుధవారం పొద్దున్నే కొట్టు దగ్గరికొచ్చి, దస్తావేజుల కోసం కాచుకున్నవాళ్ల వెనక చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"బావగారూ, శనివారం కాస్త సంతకి రావాలండి. ఊరికే కూర్చుంటే చాలు."

లోకనాథ్ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"బల్ల మీద కూర్చో. నీ ముందు నలుగురున్నారు."