సుందర్ రాజ్ గారి సంరక్షకురాలు

శనివారం పొద్దున్న ఏడింటికి సుందర్ రాజ్ టిఫిన్ కూడా ముట్టకుండా కూతురి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు, కంచరపాలెంలో తమ సంఘానికి సండే స్కూల్ సూపరింటెండెంటు. మొదటి పనికి జీతం వస్తుంది, రెండోదానికి గౌరవం వస్తుంది. మర్నాడు ఆరాధన అయ్యాక ‘పెద్దల సైట్ల నుంచి మన పిల్లల్ని కాపాడుకోవడం ఎలా’ అన్న విషయం మీద తల్లిదండ్రులకు అరగంట చెప్పమని పాస్టరుగారు పురమాయించారు. ఆ విషయం గురించి ఆయనకు ఏమీ తెలియదు. తెలియకపోవడం ఆయన ప్రసంగాలకు ఎన్నడూ అడ్డు రాలేదు. ముందు తన ఇంట్లో చేసి చూపించి, ఆ తర్వాతే లోకానికి చెప్పాలని మాత్రం పట్టుదల.

‘బాలకవచం’ అనే యాప్‌ను తన ఫోన్‌లోనూ కూతురి ఫోన్‌లోనూ ఎక్కించి, ఇద్దరి ఖాతాలనూ కలిపాడు. వయసులు మీ ఖాతాల నుంచే తీసుకుంటామని, పెద్దవారిని సంరక్షకులుగా, చిన్నవారిని బిడ్డగా నమోదు చేస్తామని యాప్ మర్యాదగా చెప్పుకొచ్చింది. ఆయన అందులో ఒక్క ముక్క చదవకుండా ఎనిమిదిసార్లు ‘అంగీకరిస్తున్నాను’ నొక్కాడు.

“డాడీ, ట్యూషన్‌కి టైమైపోతంది. ఫోనివ్వు,” అంది తొమ్మిదో తరగతి చదివే దీనా.

“ఇకనించి నీ ఫోన్లో ఏటి జరిగినా నాకు తెలిసిపోతాది. నువ్వు ఏటి నొక్కినా నా దగ్గర గంట మోగుతాది.”

“మోగనీ,” అని దీనా ద్వారకా నగర్ బస్సెక్కేసింది. అక్కడ ట్యూషన్‌లో ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించి తాళం వేస్తారు.

సుందర్ రాజ్ కాఫీ తాగుతూ తన ఫోన్‌లో రాసుకున్న రేపటి ప్రసంగం తెరవబోయాడు. తెరుచుకోలేదు. ‘ఇందులో పెద్దల సైట్ల ప్రస్తావన ఉంది. నీకు పద్నాలుగేళ్లు. నీ సంరక్షకురాలు దీనా గారిని అడుగు,’ అంది ఫోన్. బైబిల్ యాప్ తెరిస్తే, యుద్ధాలూ నరకడాలూ ఉన్నాయని పాత నిబంధన మూసేసింది. బాలకవచాన్నే తీసిపారేద్దామంటే అందుకూ దీనా గారి అనుమతి కావాలట.

ఈ పద్నాలుగేళ్ల కథ కొంచెం చెప్పాలి. 2011 ఆగస్టులో భీమిలి సముద్రంలో సుందర్ రాజ్ బాప్తిస్మం తీసుకున్నాడు. పాత మనిషి ఆ నీళ్లలోనే పోయాడని ఆరాధనలో సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ అంటాడు. అనడంతో ఊరుకోకుండా, సర్కారు కాగితాల్లో తప్ప ఎక్కడ పుట్టినరోజు అడిగినా ఆ తేదీయే రాస్తాడు, కేకు కూడా ఆ రోజే కోస్తాడు. సంఘంలో ఇలాంటివాళ్లు ఇంకో నలుగురున్నారు. వాళ్ల భక్తి వల్ల ఇంతవరకూ ఎవరికీ నష్టం రాలేదు. ఇక కూతురు తనకంటే పెద్దది ఎలా అయిందన్నది యంత్రం తిక్క అనుకుని వదిలేశాడు.

పదిగంటలకు భార్య కృపావతి తాను నర్సుగా పనిచేసే క్లినిక్ నుంచి మెసేజ్ పెట్టింది. ‘చేపలు తెచ్చి పెట్టండి. నేనొచ్చి పులుసు పెడతాను. మీ చెల్లికి చెప్పకండి, పిల్లల్నేసుకుని దిగిపోతుంది.’ యాప్ దాన్ని తనకు తెలిసిన పద్ధతిలో చదువుకుని దీనా ఫోన్‌కి ఎర్ర అక్షరాలతో కబురు పంపింది. ‘నలభయ్యేళ్ల స్త్రీ ఒకరు మీ బిడ్డకు చేపల పులుసు ఆశ చూపుతున్నారు. ఎవరికీ చెప్పొద్దంటున్నారు. ఆమె నంబరు ఆపేశాం.’

పదకొండింటికి షిఫ్ట్ ఇన్‌ఛార్జి గురునాథరావు మెసేజ్ వచ్చింది. ‘రేపు సెకండ్ షిఫ్ట్‌కి రా. మనిషి తక్కువ. రాకపోతే తెలుసు కదా.’ యాప్ ఇందులో బాలకార్మికుణ్ణీ చూసింది, బెదిరింపునూ చూసింది. సంరక్షకురాలు గంట గడిచినా పలకకపోవడంతో మధురవాడలోని తన ఆఫీసుకు ఫిర్యాదు పంపింది.

మధ్యాహ్నం కృపావతి రుసరుసలాడుతూ ఇంటికొచ్చింది. “ఇరవైసార్లు ఫోన్ సేసాను. నా నంబరు బ్లాక్ సేసారేటి? పులుసు పెడతాననడం తప్పయిపోనాదా?”

“నాను సెయ్యలేదే. దీనా సేసింది.”

“ట్యూషన్లో ఉన్న గుంట మీద ఎందుకు తోత్తారు?” అంటుండగా ఆమె ఫోనే మోగింది. అవతల గురునాథరావు.

“సెల్లెమ్మా, మీ ఆయనకెన్నేళ్లు?”

“నలభై నాలుగు. ఏటన్నయ్యా?”

“పద్నాలుగేళ్ల గుంటణ్ణి క్రేన్ ఎక్కిత్తన్నానని ఎవరో మేడమ్ నన్ను తిడతంది. ఆడు మీసాలకి రంగేత్తాడమ్మా అని సెప్పినా ఇనదు. పైవాళ్లకి రాత్తానంటంది. నాకింకా రెండేళ్ల సర్వీసుంది.”

నాలుగింటికి మధురవాడ నుంచి క్యాబ్‌లో శ్రీసత్య అనే యాప్ ఉద్యోగిని దిగింది. చేతిలో రంగుల పుస్తకం, చాక్లెట్ల పొట్లం ఉన్నాయి.

“బాబు ఎక్కడున్నాడండీ? భయపెట్టకుండా పిలవండి.”

కృపావతి వేలు చూపించింది. బాబు లుంగీ సవరించుకుని లేచి నమస్కారం పెట్టాడు.

బాప్తిస్మం సంగతి విన్నాక శ్రీసత్య నవ్వలేదు. ట్యాబ్‌లో ఏదో చూసుకుని, “సరేనండి, మీరు చిన్నపిల్లాడు కాదు. మరి ఈ నలభై నాలుగేళ్ల దీనా గారెవరు?” అని అడిగింది. సరిగ్గా అప్పుడే దీనా గారు ట్యూషన్ బ్యాగుతో గుమ్మంలోకొచ్చింది.

ఆమె ఖాతాలో పుట్టిన సంవత్సరం 1981 అని తేలింది. సుందర్ రాజ్‌కు కోపం వచ్చింది గాని, కోపం వెనక చిన్న సంతోషం కూడా కలిగింది. రేపటి ప్రసంగానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

“పెద్దదాన్నని అబద్ధం రాసావా? సండే స్కూల్ సూపరింటెండెంటు కూతురు సెయ్యాల్సిన పనేటి ఇది? రేపు సంఘంలో నా మొహం ఎక్కడెట్టుకోవాల?”

“నాను రాయలేదు డాడీ. నువ్వే రాసావు,” అంది దీనా. “థర్డ్ క్లాసులో నా క్రిస్మస్ పాట నెట్‌లో పెట్టడానికి. పదమూడేళ్లుండాల అంది కదా. నా పాత తేదీ ఊరికే పడుంది, నువ్వు వాడుకో అన్నావు.”

మార్చి తొమ్మిది, 1981. సుందర్ రాజ్ ఆ తేదీని గుర్తుపట్టాడు. సముద్రంలో పోయాడన్న మనిషిది.

“అంటే ఆరేళ్లుగా ఈ అమ్మాయికి నలభయ్యేళ్ల మనిషికి చూపించేవన్నీ చూపిస్తున్నారు,” అంది శ్రీసత్య.

“ముందు మందు యాడ్లొచ్చేవి ఆంటీ. తర్వాత పేకాట. సిక్స్త్ నించి ఎవరెవరో ఒంటరిగా ఉన్నారా అని మెసేజ్‌లెట్టేవారు. పదిహేడుమందిని బ్లాక్ సేసాను.” బస్సు ఆలస్యమైందని చెప్పినట్టే చెప్పింది. “నీకోసారి సెప్పాను డాడీ. నువ్వు సండే స్కూల్ పాఠం రాసుకుంటన్నావు. ప్రార్థన సేసుకో అన్నావు.”

కృపావతి కూతురి భుజం మీది బ్యాగు అందుకుంది. సుందర్ రాజ్ పదిహేడు దగ్గరే ఆగిపోయాడు. పదకొండేళ్ల పిల్ల, పక్క గదిలో, ఒక్కతే. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఏదో ఒకటి అనాలి కనుక, “మరి ప్రార్థన సేసుకున్నావా?” అని అడిగాడు.

“సేసుకున్నాను. తర్వాత బ్లాక్ సేసాను.”

శ్రీసత్య దీనా ఖాతాను అక్కడికక్కడే సరిచేసింది. తండ్రి వయసు మార్చాలంటే మాత్రం సంరక్షకురాలిగా ఆఖరి సంతకం దీనాయే పెట్టాలంది. దీనా తండ్రి వంక చూసి, “సోమవారం సూద్దాం ఆంటీ,” అంది.

“రేపటి ప్రసంగం అందులోనే ఉండిపోనాదే,” అన్నాడు సుందర్ రాజ్ నీరసంగా.

“అది పెద్దవాళ్లకి డాడీ.”

ఆదివారం ఆయన కాగితం లేకుండా, ఫోన్ లేకుండా లేచి నిలబడ్డాడు. తన కూతురికి పెద్దల సైట్ల తలుపు తీసింది తానేనని, ఆమె వచ్చి చెబితే వినలేదని, పదిహేడుమంది సంగతీ చెప్పాడు. అరగంట ప్రసంగం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఎప్పుడూ వాక్యానికొక ఆమెన్ చెప్పే ముందు వరస ఈసారి ఫోన్లు బయటికి తీసింది.

ఆరాధన ముగిశాక ప్రతి వారంలా గేటు దగ్గర ఎవరూ కబుర్లకు ఆగలేదు. అమ్మలూ నాన్నలూ మూలమూలకీ చేరి, ఫోన్ల మీదికి వంగి, పాస్‌వర్డుల కోసం పిల్లల్ని బతిమాలుకుంటున్నారు. భోజనాల వేళకు కంచరపాలెం పిల్లల ఫోన్లలో నలభయ్యేళ్లవాళ్లు ముప్పై ఒక్కమంది తగ్గారు.