ఎవరి రక్తం వారి మోకాలికే!

సొంత రక్తం సొంత ఒంటికి పనికొస్తుందని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన మన కడప జిల్లాలో మాత్రం పుట్టి ఉండడు!

పుట్టి ఉంటే ఆ ఆలోచనే వచ్చేది కాదు. ఇక్కడ రక్తమంటే ఏమిటి? ఒకరు ఇంకొకరి కోసం పోసేది. జమ్మలమడుగు వైపు కొందరు పోశారు, పులివెందుల వైపు కొందరు పోశారు, పోయకుండా మిగిలినవాళ్ళు వాయిదాలకు తిరిగారు. ముప్పై ఏళ్ళు మట్టి తాగింది, రోడ్డు తాగింది, జీపు సీట్లు తాగాయి. ఎవరిది వాళ్ళే వాడుకోవచ్చునన్న చిన్న సంగతి మాత్రం ఏ ఒక్కరికీ తట్టలేదు. ఎంత అమాయకులం!

అందుకే ప్రొద్దుటూరు సందుల్లో పుట్టగొడుగుల్లా మొలుస్తున్న 'పీఆర్పీ' బోర్డులను చూసి విసుక్కోకండి. కరెంటు స్తంభానికి పీఆర్పీ, ఆటో వెనకాల పీఆర్పీ, బిర్యానీ హోటల్ గోడకూ పీఆర్పీయేనా అని గొణుక్కోకండి. ఆ పొడి అక్షరాలతో ఒక పార్టీ వచ్చింది, ఇంకో పార్టీలో కలిసిపోయింది. ఇది అది కాదు. ఇది ప్లేట్‌లెట్లు దండిగా ఉండే ప్లాస్మా. ప్లేటు ఫిరాయించేవాళ్ళను మనం బోలెడంత మందిని చూశాం గానీ, ప్లేట్‌లెట్ల సంగతి ఇప్పుడే వింటున్నాం.

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టొద్దన్నారు పెద్దలు. ఈ వైద్యం పెట్టింది! జుట్టు ఊడినా ఇదే సూది, మోకాలు అరిగినా ఇదే సూది. సామెతనే ఓడించిన వైద్యాన్ని వట్టి వైద్యమంటారా, విప్లవమంటారా?

విప్లవమే. కావాలంటే ఎలీషా సంగతి వినండి.

ఎలీషాది వేముల దగ్గర ఓ పల్లె. మిషను దొరలు బడి పెట్టిన రోజుల్లో ఆ కుటుంబానికి ప్రార్థనా, పలకా ఒకే వారంలో వచ్చాయి. తండ్రి ఆ బళ్ళోనే అయ్యవారు. ఎలీషా మాత్రం పదో తరగతి తప్పాడు, సుబ్బరాయుడన్న జీపెక్కాడు.

సుబ్బరాయుడన్న అంటే ఆ చుట్టుపక్కల పది ఊళ్ళకు నాయకుడు. మూడు పార్టీలు మారాడు. ఆయన మారిన ప్రతిసారీ ప్రజలే దారి తప్పారు తప్ప ఆయన తప్పలేదు.

ఆ జీపులో ఎలీషా ఉద్యోగం ఏమిటంటారా? 'బదులు'. అదే ఉద్యోగం, అదే హోదా. స్టేషన్‌లో "సుబ్బరాయుడెవరయ్యా?" అంటే "నేనే సార్" అని లేచేవాడు. అన్న పేరు మీద రెండు నెలలు జైల్లో కూర్చుంటే, అన్న ఆ రెండు నెలలూ ఇంట్లో పెండ్లి పనులు చూసుకున్నాడు. ఒకసారి కరువు మీద నిరాహార దీక్షకు టెంటు వేశారు. దీక్ష అన్నది, ఆకలి ఎలీషాది.

ఓ ఎన్నికలప్పుడు ముద్దనూరు దారిలో జీపు మీద నాటుబాంబు పడింది. ఎలీషా అన్నను కిందికి తోసి మీద పడ్డాడు. అన్నకు చొక్కా నలిగింది, ఎలీషాకు కుడి మోకాలు నలిగింది. ఆసుపత్రికి పోతే కేసవుతుందని గుట్టల్లో పన్నెండు రోజులు పసరు కట్టుకుని పడుకున్నాడు. ఆ మోకాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు.

వంగని మోకాలంటే వినడానికి గొప్పగానే ఉంటుంది. అరెకరం చీనీతోట, అదే బత్తాయితోట, ఉన్న రైతుకు అది గొప్ప కాదు, గండం. చీనీచెట్టుకు పాదు తీయాలంటే గొంతుక్కూర్చోవాలి. నిలబడి చీనీచెట్టును పొగడవచ్చు గానీ పెంచలేం. భార్య యేసమ్మ ఒక్కతే ఎన్ని చెట్లని చూస్తుంది? కూలీలను పిలుద్దామంటే మీటింగుల సీజను, మనిషన్నవాడు దొరకడు. చివరి వరసలో అప్పటికే ఆరు చెట్లు ఎండుముఖం పట్టాయి.

"యో, నాయకుని ముందర వంగేదానికి నీకు నడుముండాది, చెట్టు ముందర కూకునేదానికి మోకాల్ల్యాదు!" అనేది యేసమ్మ. "ఇంగొక ఎండాకాలం ఇట్లే పోతే తోట కొట్టి పొయ్యిలో పెట్టల్సిందే. అప్పుడు మీ అన్నొచ్చి చలి కాంచుకుంటాడు."

ఇట్లా ఉండగా, జీవితమంతా ఎదుటివాళ్ళ పనులకు మోకాలడ్డిన సుబ్బరాయుడన్నకు తన మోకాలే అడ్డింది! అది కూడా ఎన్నికలకు మూడు నెలల ముందు. కీలకమైన వేళ కీలు చెడింది. గడప గడపకూ నడిచి దండం పెట్టాల్సిన మనిషి కారు దిగడానికే ఇద్దరి భుజాలు అడుగుతున్నాడు.

ప్రొద్దుటూరులో డాక్టర్ జైబున్నీసా అని ఎముకల డాక్టరు ఉంది. దర్జీ కూతురు. నాన్న గుడ్డలు కుట్టేవాడు, నేను మనుషుల్ని కుడుతున్నా అంటుంది. ఆమె అన్న మోకాలు నొక్కి చూసి, స్కాన్ తీసి, "అరుగుదల కొంచమే ఉండాది. పీఆర్పీ చేసి చూద్దాం. బుధవారం రండి" అంది.

బుధవారం పొద్దున్నే టోకెన్ కోసం ఎలీషా ముందు వెళ్ళాడు. అన్న బండ్లు వెనక వస్తున్నాయి. లోపలి నుంచి నర్సు మునెమ్మ తల బయట పెట్టి, "సుబ్బరాయుడు!" అని కేకేసింది.

"నేనే" అన్నాడు ఎలీషా.

మోసం చేద్దామని కాదండీ! ఆ పేరు వినబడగానే నోరు దానంతటదే పలికింది. అది మనసును అడగడం మానేసి ఇరవై ఏళ్ళయింది.

"చెయ్యి చాపప్పా" అంది మునెమ్మ. చాపాడు. అన్నకు రక్తం కావాలంటే ఇంకెవరిస్తారు? ఇన్నాళ్ళూ ఎవరిచ్చారు? సిరంజీ నిండింది. గొట్టంలోకి పోసి, గిర్రున తిరిగే మిషన్లో పెట్టింది. పావుగంట తిరిగింది.

అంతలో సుబ్బరాయుడన్న వచ్చాడు. మూడు బండ్ల జనం తలుపు దగ్గర క్రిక్కిరిశారు. డాక్టరమ్మ, పైన రాసిన సుబ్బరాయుడి పేరు చూసుకుని, గొట్టాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూపించింది. అడుగున ఎర్రగా, పైన పసుప్పచ్చగా, నడుమ సన్నని తెల్లటి పొర.

అన్న ముఖం మాడింది. "ఏందమ్మా ఆ రంగు? అది మా పార్టీది గాదే! ఎదురు పార్టీ రంగు తీసకచ్చి నా మోకాల్లో పెడతావా?"

"ఇది ప్లాస్మా అన్నా. ఏ పార్టీ మనిషిని తిప్పినా ఎర్రది అడుక్కే పోతాది, ఇదే పైకి తేలుతాది."

"సరే, ఇది పోయి ఏం జేస్తాది?"

"దెబ్బ తగిలిన చోటికి అందరికంటే ముందు ఉరికేది ప్లేట్‌లెట్లు. చిల్లు కనపడితే అడ్డం పడి మూస్తాయి. ఆడనే పగిలి, కడుపులో ఉండే సరుకంతా కుమ్మరిస్తాయి. గ్రోత్ ఫ్యాక్టర్లంటాం."

"ఫ్యాక్షనా?" ఉలిక్కిపడ్డాడు అన్న.

"ఫ్యాక్టర్లన్నా. ఫ్యాక్షను కోస్తాది, ఇవి కుట్టిస్తాయి. ఇవి పిలిస్తేనే మరమ్మత్తు చేసే కణాలు పనిలోకి దిగుతాయి. మోకాలి కీలుకు రక్తం సరిగ్గా అందదు, అందుకే ఆడ దెబ్బ తొందరగా మానదు. మేం జేసేదల్లా ఈ ప్లేట్‌లెట్లను ఒక చోట గుంపు జేసి, నొప్పుండే చోట దించడం."

గోడవార నిలబడ్డ ఎలీషా నోరు తెరుచుకుని వింటున్నాడు. అందరికంటే ముందు ఉరకడం, అడ్డం పడటం, పగలడం... ఇదంతా ఎక్కడో చూసినట్టే ఉంది.

"డాక్టరమ్మా, వాటికి కేసులూ గీసులూ ఉండవా?" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వేలోపే మునెమ్మ వచ్చి ఎలీషా రెక్క పట్టుకుంది. "రాప్పా సుబ్బరాయుడూ, మంచమ్మీద పండుకో."

"ఏయ్, ఆయన కాదు!" అంది డాక్టరమ్మ.

"పేరు పిలిస్తే పలికినాడు మేడం! రక్తం గూడ ఈయప్పదే తీసినా!"

సుబ్బరాయుడన్న తేలిగ్గా నవ్వేశాడు. "ఆ... వాడే, వాడే. నాకు బదులు వాడే పలుకుతాడు లే. దాంట్లో ఏముంది? ఎక్కించు."

"ఎక్కించకూడదన్నా. ఎవరిది వాళ్ళకే. ఇంకొకరి రక్తం కీలులో పోస్తే ఒళ్ళు ఒప్పుకోదు. వాస్తాది, లేనిపోని రోగాలు అంటుకుంటాయి."

"భలే జెప్పినావే! నా కార్యకర్తల రక్తం నా రక్తమని ముప్పై ఏండ్లుగా మైకులో చెప్తాండా!"

"మైకులో కలుస్తాయన్నా. మోకాల్లో కలవవు" అంది దర్జీ కూతురు. "మీ చెయ్యి చాపండి, నిమిషం పని."

మునెమ్మ కొత్త సూది విప్పింది. బాంబుల మధ్య తిరిగిన మనిషి సుబ్బరాయుడన్న. మధ్యలోనే తిరిగాడు మరి, చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. ఆ సూదికీ ఆయనకూ నడుమ ఇవ్వాళ ఒక్కరూ లేరు.

"ఈ దినం అమాస గదా?" అన్నాడు.

"నిన్ననే అయిపోయిందన్నా" అన్నాడు వెనక నుంచి ఎవరో తెలివితక్కువ అనుచరుడు.

"అయినా ఎవరి రక్తం వాళ్ళే ఇచ్చుకోవల్లంటే ఇదేం వైద్యమమ్మా! నాయకులకు పనికొచ్చే వైద్యం కాదిది" అని అన్న చొక్కా చెయ్యి కిందికి దించేశాడు.

డాక్టరమ్మ ఆ పసుప్పచ్చ గొట్టం వైపు చూసింది, ఈడ్చుకుంటూ పక్కకు తప్పుకుంటున్న ఎలీషా కాలి వైపు చూసింది. "అప్పా, నీ కాలికేమైంది? ఇట్లా రా" అంది. పడుకోబెట్టి, వంచి, స్కాన్ మిషను ఆనించి చూసింది. "పాత దెబ్బ. లిగమెంటు, అంటే కీలును పట్టి ఉంచే నార, చినిగి అట్లే ఉండాది. గ్యారంటీ ఇయ్యను గానీ ప్రయత్నం చెయ్యొచ్చు. ఇది నిల్వ ఉండేది గాదు, ఇప్పుడే చెప్పల్ల."

ఎలీషా అన్న ముఖం వైపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఆకలవుతోందో లేదో కూడా ఆ ముఖం చూసే తెలుసుకునేవాడు.

"ఎక్కించుకుంటే ఎన్ని దినాలు పండుకుంటాడు?" అడిగాడు అన్న.

"పది దినాలు కాలికి భారం పెట్టకూడదు. జీపులెక్కి దూకకూడదు. వాపు తగ్గే మాత్రలు మింగకూడదు, అవి ఈ మందు పనిని గూడ అణిచేస్తాయి. గుణం తెలిసేదానికి ఆరు వారాలు."

"పది దినాలా! రేపు ర్యాలీ పెట్టుకుని? ముందర ఎవరుంటారు? పారబొయ్యండమ్మా దాన్ని!"

ఎలీషా పంచె మోకాలి పైకి మడిచి, మంచం మీద వెనక్కి వాలాడు.

"పారబోసింది చాల్లేన్నా" అన్నాడు. "ఎక్కించు డాక్టరమ్మా."

మునెమ్మ పాత కాగితం చింపి కొత్తది తీసింది. "పేరు?" అంది. ఎలీషా కాసేపు తడుముకుని, సొంత పేరు చెప్పాడు.

మర్నాడు ర్యాలీలో సుబ్బరాయుడన్న మోచేతికి తెల్లటి ప్లాస్టరు అంటించుకుని, "మీ కోసం నిన్ననే ప్రొద్దుటూరులో నా రక్తం ధారపోసి వచ్చినా!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన లెక్క ప్రకారం అది అబద్ధం కూడా కాదు.

ఇక్కడ ఎలీషా మోకాలు మూడు రోజులు గుమ్మడికాయలా వాచింది. కుయ్యో మొర్రో అన్నాడు. "ఉండబ్బా! నీ రక్తం నీకే పడేదానికి రోంత టైము పడతాది. దానికి అలవాటు ల్యాదు గదా!" అంది యేసమ్మ. నాలుగో రోజు వాపు దిగింది. డాక్టరమ్మ చెప్పిన కసరత్తు గోడ పట్టుకుని చేశాడు. నెల దాటింది. ఏడో వారం ఓ ఉదయం, చివరి వరసలో ఎండుముఖం పట్టిన చెట్టు దగ్గరకెళ్ళి, మెల్లగా, భయం భయంగా, గొంతుక్కూర్చున్నాడు!

యేసమ్మ చూసింది. కొంగుతో కళ్ళొత్తుకుంది. "సంబడం చాల్లే, ఆ పక్క చెట్టుకు గూడ తియ్యి" అంది.

అప్పుడే గట్టు మీద జీపు ఆగింది. అన్న డ్రైవరు కమాల్ బాషా దిగాడు.

"మామా! మోకాలు బాగయిందంట గదా! అన్న ఇప్పుడే ఎక్కించుకోని రమ్మన్న్యాడు. పోలింగు దినం బూతు కాడ నువ్వే నిలబడల్లంట. నీ మాదిరి అడ్డం పడేటోడు ఇంగొకడు ల్యాడని ఒగటే తలుస్తాండాడు."

పాఠకులారా, మన పీఆర్పీ సత్తా చూపించే ఘడియ రాలేదూ? ఎలీషా టక్కున లేచి నిలబడితే మూడు ఊళ్ళలో ఈ వైద్యానికి ఎంత పేరు!

ఎలీషా చెట్టు మొదలు పట్టుకున్నాడు. "అబ్బా... యేసయ్యా!" అని మూలిగాడు. నాలుగు విడతలుగా లేచి, పాత రోజుల్లో కూడా ఎన్నడూ లేనంత గొప్పగా కాలీడ్చుకుంటూ గట్టు దాకా వచ్చాడు.

"యాడ బాగయిందప్పా! ఆ సూది వట్టి దండగ. ముందరికంటే అధ్వానమయింది. అన్నకు నా మాటగా చెప్పు, దాని జోలికి పోవద్దని."

కమాల్ బాషా అయ్యో అన్నాడు. తోట వైపు చూశాడు. నిండా నీళ్ళతో కొత్తగా తీసిన పాదు. ఎలీషా వేళ్ళ సందుల్లో తడిమట్టి. పంచె అంచుకు తడిమట్టి. చాలాసేపు చూశాడు. తర్వాత జీపులో ఉన్నవాళ్ళకు వినబడకుండా దగ్గరకొచ్చాడు.

"మామా... ఆ డాక్టరమ్మ ఏ వారం ఉంటాది? ఈ కుడి బుజం పట్టుకోని శానా దినాలాయ."

చెప్పాడు. జీపు వెళ్ళిపోయింది. సాయంత్రానికి "పీఆర్పీ పనిచెయ్యదంటన్నా" అన్న వార్త అన్న చెవిన పడింది. "నేను ఆ దినమే జెప్పినా" అన్నాడాయన, సంతోషంగా. ఆ తర్వాత డాక్టర్ జైబున్నీసా క్లినిక్ ముందు క్యూ ఎందుకో పెరిగిపోయింది. చేయించుకున్నవాళ్ళను బయట అడిగి చూడండి. అందరిదీ ఒకటే మాట: "పనిచెయ్యల్యాదప్పా!"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఈ వైద్యం గురించి ఇంతసేపు చెప్పిన మంచంతా దయచేసి మీ కడుపులోనే పెట్టుకోండి. ఎవరైనా జీపు వేసుకొచ్చి అడిగితే మాత్రం శుద్ధ దండగని ఒట్టేసి చెప్పండి. అడిగినంతసేపూ కుంటండి. ఈ సీమలో ఒక మనిషి కాళ్ళు బాగున్నాయని తెలిస్తే చాలు, వాటి మీద నడవడానికి ఇంకొకరు జీపు దిగుతారు!